దెబ్బతిన్న బిడ్డను ఎవరు సాకారు?

కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో కప్పట్రాళ్ల అనే ఊరుంది. 2008 మే నెలలో ముఠా కక్షల కారణంగా జరిగిన ఒక్క దాడిలో ఆ ఊరి నాయకుడితో కలిపి పదకొండు మంది చనిపోయారు. ఆరేళ్ల తర్వాత, 2014 డిసెంబరులో, ఆదోని కోర్టు ఆ కేసులో పలువురికి యావజ్జీవ శిక్ష వేసింది. పోయినవాళ్లెందరో, జైలుకెళ్లినవాళ్లెందరో పత్రికలు రాశాయి. ఆ రెండు లెక్కల వెనక ఇంకొక లెక్క ఉంటుంది, దాన్ని ఎవరూ వేయరు. ఇలాంటి ఊళ్లలో ఒక గడపలో నాయన పాడె ఎక్కిన పిల్లలుంటారు, ఇంకొక గడపలో నాయన జైలుకు పోయిన పిల్లలుంటారు. రాత్రి ఉలిక్కిపడి లేచేది ఇద్దరూ. పెద్దయ్యాక ఎవరి వైపు నిలబడాలో మాత్రం ఇద్దరికీ ముందే వేరువేరుగా నిర్ణయమై ఉంటుంది.

బాల్యంలో తగిలిన దెబ్బ మీద ప్రపంచంలో బోలెడంత పరిశోధన జరిగింది. దెబ్బ ఎంత లోతుకు పోతుంది, ఎన్నేళ్లు ఉంటుంది, ఒంట్లో ఏమేం మారుస్తుంది అన్న ప్రశ్నలకు ఇప్పుడు మంచి జవాబులే ఉన్నాయి. దెబ్బతిన్న తర్వాత ఆ బిడ్డను ఎవరు చేరదీశారు, చేరదీసినందుకు తిరిగి ఏం అడిగారు అన్నదాన్ని అంత గట్టిగా అడిగినవాళ్లు తక్కువ. కర్నూలు, కడప ప్రాంతాల్ని చూస్తే ఈ రెండో ప్రశ్నే అసలు ప్రశ్న అని నాకు తోస్తుంది. రాయలసీమలో దిక్కులేని బిడ్డ ఉండడు. ఎవరో ఒకరు సాకుతారు. ఆ ఎవరో ఒకరు జేజి (అవ్వ) కావచ్చు, ముఠా నాయకుడు కావచ్చు, అడ్వాన్సు ఇచ్చిన సీడు రైతు కావచ్చు, హాస్టలు వార్డెను కావచ్చు. గాయం ఆ మనిషిని బట్టి మానుతుంది, లేదా ముదురుతుంది.

శాన్ డియాగో ప్రశ్నలు

ఈ చర్చకు మూలం 1998లో అమెరికాలో అచ్చయిన ఒక అధ్యయనం. శాన్ డియాగోలో కైజర్ పర్మనెంటే ఆరోగ్య సంస్థకు వచ్చే పెద్దవాళ్లను విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా అనే వైద్యులు చిన్ననాటి సంగతులు అడిగారు. రెండు విడతల్లో పదిహేడు వేల మందికి పైగా జవాబు చెప్పారు. ఇంట్లో మిమ్మల్ని కొట్టేవాళ్లా, లైంగికంగా ఎవరైనా హింసించారా, తాగుబోతులు ఉన్నారా, అమ్మను కొడుతుంటే చూశారా, ఇంట్లోవాళ్లెవరైనా జైలుకు వెళ్లారా, ఇలా సాగాయి ప్రశ్నలు. మూడింట రెండు వంతుల మందికి కనీసం ఒకటైనా ఎదురైంది. నాలుగూ అంతకు పైగా ఎదురైనవాళ్లలో తాగుడు, మత్తు, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం లాంటివి నాలుగు నుంచి పన్నెండు రెట్లు ఎక్కువగా కనిపించాయి. గుండె జబ్బు, కాలేయ జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు కూడా ఈ లెక్కతో పాటే పెరిగాయి. అప్పటిదాకా మనసుకు సంబంధించినదనుకున్న దాన్ని గుండె డాక్టరు కూడా పట్టించుకోవలసి వచ్చింది.

ఇందులో మాయ ఏమీ లేదు. భయం కలిగినప్పుడు ఒంట్లో కార్టిసాల్ లాంటి రసాయనాలు పెరుగుతాయి, గుండె వేగం పెరుగుతుంది. పెద్దవాళ్లెవరైనా దగ్గరకు తీసుకుంటే కాసేపటికి దిగిపోతాయి. రోజూ భయమే ఉండి, దగ్గరకు తీసుకునేవాళ్లు లేకపోతే దిగవు. ఎదిగే మెదడు ఆ స్థితికే అలవాటు పడుతుంది. హార్వర్డులో జాక్ షోంకాఫ్ బృందం చెప్పిన సారాంశం ఇది. సీమ ఇళ్లలో పిల్లోడు దడుచుకుంటే దిష్టి తీసి, దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించి, వారం పది రోజులు జేజి పక్కలో పడుకోబెట్టుకుంటారు. తాయెత్తు సంగతి నేను చెప్పలేను గానీ, జేజి పక్కలో పడుకోబెట్టడం మాత్రం షోంకాఫ్ కాదనడు.

అయితే ఫెలిట్టి, ఆండాలు ప్రశ్నలు అడిగింది ఆరోగ్య బీమా ఉన్న, ఎక్కువగా చదువుకున్న, తెల్లజాతి అమెరికన్లను. దెబ్బంటే ఇంట్లో తగిలేదే అన్న ఊహ ఆ ప్రశ్నల నిండా ఉంది. వాన పడక ఊరంతా మూటలు కట్టుకోవడం, బడి ఈడు పిల్ల పత్తి చేనులో నెలల తరబడి ఉండిపోవడం, వీధి మలుపులో నాటుబాంబు పేలడం, దళిత పిల్లను బావి దగ్గరకు రానివ్వకపోవడం అందులో లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తర్వాత తయారుచేసిన ప్రశ్నావళిలో వీధి హింస, సామూహిక హింస చేరాయి. కరువు చేరలేదు. మన దగ్గర ఇంట్లో దెబ్బకూ ఊళ్లో దెబ్బకూ మధ్య గోడ లేదు. అప్పిచ్చినవాడు బజారులో నాయన చొక్కా పట్టుకుంటాడు, రాత్రికి ఆ దెబ్బ అమ్మ మీద పడుతుంది, తెల్లారేసరికి బిడ్డ మీదికి దిగుతుంది. అమెరికా ప్రశ్నావళి ఆ చివరి రెండు దెబ్బలను మాత్రమే లెక్కపెడుతుంది.

అంతమాత్రాన ఇంటి లోపలి హింసను తక్కువ చేయలేం. 2007లో కేంద్ర స్త్రీ శిశు సంక్షేమ శాఖ ఆంధ్రప్రదేశ్‌తో కలిపి పదమూడు రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడించింది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నవాళ్లు. 53.22 శాతం మంది ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదురైందన్నారు. 2012లో పోక్సో చట్టం రావడానికి ఈ అంకెలు కొంత దారి వేశాయి. చట్టం వచ్చింది గానీ ఊరి పెద్దల రాజీ పంచాయితీ పోలేదు. పరువు పేరుతో కేసు మూసేసినప్పుడు ఆ పంచాయితీ ఆడబిడ్డకు చెప్పేది ఒకటే: నీకు జరిగిందానికంటే అది బయటపడటం పెద్ద తప్పు. బడిలో దెబ్బల సంగతికొస్తే, విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ వాటిని నిషేధించింది. వీధి బడుల కోదండాల కాలం పోయింది. బెత్తం ఇంకా పూర్తిగా పోలేదు.

ఈ ప్రాంతంలోనే కొలిచిన దాఖలా కూడా ఒకటుంది. మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ నడిపించిన సీవేద అనే పెద్ద పరిశోధనకు దేశంలో ఎంచుకున్న కేంద్రాల్లో మదనపల్లె పక్కనున్న రిషివ్యాలీ ఒకటి. చుట్టుపక్కల పల్లెల పిల్లలతో, యువకులతో మాట్లాడి, చిన్ననాటి కష్టాలు మెదడు మీద, అలవాట్ల మీద ఏం ప్రభావం చూపుతాయో ఏళ్ల తరబడి గమనించే పని అది. ఇలాంటి కేంద్రం ఆదోని డివిజన్‌లో ఒకటుంటే ఏం తేలేదో అనిపిస్తుంది.

కరువు నేర్పిన అలవాటు

కర్నూలు, కడప జిల్లాల సగటు వాన ఏడు వందల మిల్లీమీటర్లకు అటూఇటూ. ఆ సగటును నమ్ముకున్న రైతు బాగుపడడు. ఒక ఏడు వరదై వస్తుంది, మూడేళ్లు మొహం చాటేస్తుంది. 1876-78 ధాత కరువులో కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగోవంతు తగ్గిపోయిందని మరుసటి జనగణనలో తేలింది. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కొన్ని నెలల ఆకలి వచ్చింది. అప్పుడు తల్లి కడుపులో ఉన్న బిడ్డలకు యాభై, అరవై ఏళ్ల వయసులో చక్కెర జబ్బు, గుండె జబ్బు ఎలా వచ్చాయో అక్కడి వైద్యులు ఆసుపత్రి రికార్డులు వెతికి పట్టుకున్నారు. మన దగ్గర రెండేళ్ల కరువుకు అలాంటి రికార్డు లేదు. తాతలు చెప్పుకున్న కథలు మిగిలాయి.

ఆ కథల్లోంచి ఒక పొగడ్త పుట్టింది: సీమ మనిషి రాళ్లల్లో పెరిగాడు, దేన్నైనా తట్టుకుంటాడు అని. వినడానికి బాగుంటుంది. ఆ పొగడ్త అటు నాయకుల ఉపన్యాసాలకూ, ఇటు సినిమా సంభాషణలకూ పనికొచ్చినంతగా పిల్లలకు పనికిరాలేదు. తట్టుకుంటాడని పేరు పడినవాడికి ఏం ఇవ్వకపోయినా నడుస్తుంది కదా.

కర్నూలు పడమటి మండలాల్లో, కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, హొళగుంద, ఆలూరు, ఆస్పరి, తుగ్గలి వైపు, పని కోసం ఊరు విడవడాన్ని సుగ్గికి పోవడం అంటారు. ఖరీఫ్ పోయిందని తేలగానే కదలడం మొదలవుతుంది. గుంటూరు, పల్నాడు మిరప చేలకు కొందరు, పత్తి తీతకు కొందరు, బెంగళూరు, హైదరాబాదు కట్టడాలకు కొందరు. ఉగాదికో, ఇంకా ఆలస్యంగానో తిరిగి వస్తారు. పిల్లల ముందు రెండు దార్లు. వెంట పోతే పరదాల గుడిసెలో నిద్ర, చంకలో చెల్లెలు, కళ్లల్లో మిరప ఘాటు. ఊళ్లో ఉంటే అవ్వతో, ఖాళీ వీధితో నాలుగు నెలలు. మన విద్యా సంవత్సరం జూన్‌లో మొదలై ఏప్రిల్‌లో ముగుస్తుంది, సుగ్గి సరిగ్గా దాని నడుం మీద పడుతుంది.

దీనికి ప్రభుత్వం దగ్గర మందు లేకపోలేదు. సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు నడుస్తాయి. అమ్మా నాయన పోయినా పిల్లలు ఊరి బడిలోనే ఉండి, అక్కడే తిని పడుకునే ఏర్పాటు. ఆలోచన మంచిది. కానీ లారీ కదిలే రోజుకు హాస్టలు తలుపు తెరిచి ఉండాలి. నెల తర్వాత తెరిస్తే పిల్లలు అప్పటికే గుంటూరులో ఉంటారు. 2020లో వచ్చిన అమ్మఒడిలో తల్లి ఖాతాలో డబ్బు పడాలంటే 75 శాతం హాజరు కావాలన్నారు. ఆ డబ్బు ఎక్కువ అవసరమైన ఇల్లే ఆ హాజరు చూపించలేని ఇల్లు. వయసొచ్చిన ఆడపిల్లను ఒంటరిగా వదిలి పోలేక ముందే పెళ్లి చేసేసే ఇళ్లు ఈ మండలాల్లో కొత్త కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం 20-24 ఏళ్ల స్త్రీలలో పద్దెనిమిది నిండకుండా పెళ్లయినవాళ్లు దేశంలో 23.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. తల్లిదండ్రుల దృష్టిలో అది క్రూరత్వం కాదు, కాపలా. ఆ కాపలా పేరుతోనే పదహారేళ్ల పిల్ల గర్భంతో ఆసుపత్రి వరండాలో కూర్చుంటుంది.

క్రాసింగ్ పిల్లలు

నంద్యాల, కోయిలకుంట్ల, ఆళ్లగడ్డ వైపు నల్లరేగడి నేలలు. 1990ల చివర అక్కడ సంకర పత్తి విత్తనం పండించడం పెరిగింది. ఆ పంటకు యంత్రం లేదు. సాయంత్రం ఒక్కొక్క మొగ్గనూ విప్పి మగ భాగం తీసేయాలి, పొద్దున వేరే చెట్టు పుప్పొడి తెచ్చి దానికి అద్దాలి. క్రాసింగ్ అంటారు. చిన్న వేళ్లు కావాలన్నది పైకి చెప్పిన కారణం. లోపలి కారణాన్ని దావులూరి వెంకటేశ్వర్లు, లూసియా డా కోర్టా 2001లో అచ్చయిన తమ పరిశోధనలో బయటపెట్టారు. పెద్దవాళ్ల కంటే పిల్లలకు, మగపిల్లల కంటే ఆడపిల్లలకు కూలి తక్కువ. తల్లిదండ్రులకు ముందే అడ్వాన్సు ఇస్తే పిల్ల సీజను మొత్తం కట్టుబడి ఉంటుంది, గొంతు ఎత్తదు. విత్తన కంపెనీలు ఇచ్చే ధరకు పెద్దవాళ్ల కూలి గిట్టదని రైతులన్నారు. అది అబద్ధమూ కాదు, అదే మొత్తం నిజమూ కాదు. ఏడెనిమిదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు, ఎక్కువగా దళిత, వెనకబడిన కులాల వాళ్లు, పొద్దు పొడవక ముందు నుంచి పొద్దు గూకేదాకా పురుగుమందు కొట్టిన చేలల్లో నిలబడ్డారు.

2003 తర్వాత దేశవిదేశాల్లో గొడవ చెలరేగింది. మోన్‌శాంటో, బేయర్ లాంటి కంపెనీలు పిల్లలను పెట్టని రైతులకు ప్రోత్సాహకం ఇస్తామని ముందుకు రావలసి వచ్చింది, ఆ చేలల్లో పిల్లల సంఖ్య తగ్గింది. విజయమే. కాకపోతే ఆ విజయాన్ని చేలో ఎందరు పిల్లలున్నారు అన్న అంకెతోనే కొలిచారు. చేలోంచి బయటికొచ్చిన పిల్లకు తర్వాత ఏమైంది? 1990ల చివర పదేళ్లున్న పిల్లలకు ఇప్పుడు ముప్పై ఐదు దాటింది. వాళ్ల ఊపిరితిత్తులు, నెలసరి, నిద్ర, చదువు, వాళ్లు బిడ్డల మీద చేయెత్తే తీరు, వీటిని వెనక్కి వెళ్లి అడిగిన పెద్ద అధ్యయనమేదీ నా కంటపడలేదు. దీర్ఘకాలిక ప్రభావం అని మనం తేలిగ్గా రాసేస్తాం. దాన్ని చూడాలంటే దీర్ఘకాలం వెంట ఉండాలి.

బాకీ ఉన్న బిడ్డ

ముఠాల దగ్గరికి వద్దాం. ఇక్కడే నా వాదన మొత్తం ఉంది.

ముఠా హింసకు మూలాలు పాలెగాళ్ల దాకా తవ్వడం మనకు అలవాటు. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కుంపిణీకి దత్తం చేశాక కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఎనభై మంది పాలెగాళ్లను అణిచాడు. 1847లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో ఉరితీసి, తలను కోట గుమ్మానికి ఏళ్ల తరబడి వేలాడదీశారు. హింసను పిల్లలకు కనపడేలా ప్రదర్శించడం సర్కారు కూడా చేసిన పనే. కానీ ఇరవయ్యో శతాబ్దపు ముఠాకు పాలెగాడి రక్తం కంటే సారా పాటలు, గనులు, రోడ్డు కాంట్రాక్టులు, పంచాయతీ ఎన్నికలు దగ్గరి చుట్టాలు. కె. బాలగోపాల్ లాంటివాళ్లు ఆ ఆర్థిక మూలాలను విడమరిచి చూపించారు. నేను దానికి చేర్చాలనుకునేది ఒక్కటే. ముఠా ఒక సంక్షేమ వ్యవస్థ కూడా.

తన కోసం చచ్చిన మనిషి కుటుంబాన్ని నాయకుడు వదలడు. వదిలితే రేపు ఇంకొకడు చావడు. ఇంటికి బియ్యం పంపుతాడు, పిల్లోడిని టౌనులో చదివిస్తాడు, ఆడపిల్ల పెళ్లికి నిలబడతాడు. ప్రభుత్వం చేయని పని, చాలాసార్లు బంధువులు కూడా చేయని పని. అందులో ప్రేమ ఉండదని నేను అనను. ఆ పిల్లోడికి ఆ ఇల్లు నిజంగానే ఆసరా. మనస్తత్వ శాస్త్రం చెప్పే రక్షణ గుణాలన్నీ అక్కడ ఉంటాయి: నమ్మకంగా నిలబడే పెద్దమనిషి, మనవాళ్లు అనుకునే గుంపు, ఒక గుర్తింపు, ఒక కథ. ఆ కథలో మాత్రం నాయన చావు తీర్చుకోవలసిన బాకీ. ఏడుపు రాకుండా ఆపేది అదే, పద్దెనిమిదేళ్లకు చేతికి కత్తి ఇచ్చేదీ అదే. తల్లి నెత్తుటి చొక్కాను పెట్టెలో దాచి ఉంచిందన్న కథలు సీమలో ఎన్ని వినలేదు! నిజమెంతో కల్పనెంతో గానీ, పిల్లలకు చెప్పే తీరు మాత్రం నిజం.

కాబట్టి సమాజం కలిసికట్టుగా ఉంటే పిల్లలు కోలుకుంటారు అని ఎవరైనా తేలిగ్గా చెబితే నాకు అనుమానం వస్తుంది. ముఠా కంటే కలిసికట్టైన సమాజం సీమలో ఇంకేముంది?

తెలుగు సినిమా ఈ బిడ్డను బాగా వాడుకుంది. 1999లో సమరసింహారెడ్డి, 2002లో ఆది, ఇంద్ర వచ్చినప్పటి నుంచి ఫ్లాష్‌బ్యాక్‌లో నెత్తురు చూసిన పిల్లోడు అంటే రెండున్నర గంటల ప్రతీకారానికి టికెట్టు. రాత్రుళ్లు పక్క తడిపే పిల్లోడు, బాణసంచా చప్పుడుకు మంచం కింద దూరే పిల్లోడు ఆ సినిమాల్లో ఉండడు. దుఃఖం ఒక పాటలో తొడగొట్టే వయసుకు చేరుకుంటుంది. కడప, కర్నూలు నుంచి హైదరాబాదు హాస్టళ్లకు వెళ్లిన పిల్లలను తోటివాళ్లు బాంబులు తెచ్చావా అని ఆటపట్టించడం ఆ సినిమాల పుణ్యమే. 2018లో అరవింద సమేత వీర రాఘవ ఆడవాళ్ల వైపు నుంచి ఆ కథను ఆపే ప్రయత్నం చేసింది. ఆపడానికి ముందు నరుకుడు మాత్రం తగ్గించలేదు.

కప్పట్రాళ్లలో తీర్పు తర్వాత అప్పటి జిల్లా ఎస్పీ ఆకె రవికృష్ణ ఊరిని దత్తత తీసుకున్నారు. బడి, రోడ్డు, వైద్య శిబిరాలు లాంటివి ఊళ్లోకి వచ్చాయి. పోలీసు అధికారి ఊరిని దత్తత తీసుకోవడంలో కొంత ప్రదర్శన ఉంటుంది, అధికారి బదిలీ అయితే ఏమవుతుందన్న ప్రశ్నా ఉంటుంది. అయినా ఆ పని నాకు ముఖ్యమనిపిస్తుంది. రెండు వైపుల పిల్లలకూ నాయకుడు కాని ఒక పెద్దదిక్కు కనపడటం అలాంటి ఊళ్లకు కొత్త.

దూరపు అమ్మలు, పోయిన నాయనలు

పాత కడప జిల్లాలో రాయచోటి, రాజంపేట, రైల్వేకోడూరు వైపు గాయం ఇంకొక రకం. కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన తల్లులు అక్కడి పిల్లలకు అన్నం తినిపిస్తుంటే వాళ్ల పిల్లలు ఇక్కడ జేజి, అబ్బల దగ్గర పెరుగుతారు. కొత్త ఇల్లు లేస్తుంది, పిల్లకు ఇంగ్లీషు మీడియం దొరుకుతుంది. ఇదంతా దెబ్బేనా అంటే చెప్పడం కష్టం. జేజి గట్టిగా ఉండి, ఫోను తరచూ వస్తూ ఉంటే చాలామంది పిల్లలు బాగానే పెరుగుతారు. జేజి మంచాన పడితే, పాస్‌పోర్టు యజమాని చేతిలో ఉండి అమ్మ రాలేకపోతే కథ మారుతుంది.

రైతు ఆత్మహత్యలది మాత్రం సందేహం లేని దెబ్బ. 2004లో వచ్చిన 421 జీవో కింద మొదట లక్షన్నర సాయం ప్రకటించారు, తర్వాత ప్రభుత్వాలు దాన్ని ఐదు లక్షలకు, ఏడు లక్షలకు పెంచాయి. సాయం రావాలంటే ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ అధికారి ఉన్న కమిటీ అది నిజమైన రైతు ఆత్మహత్యేనని తేల్చాలి. విచారణ ఇంటి వరండాలోనే జరుగుతుంది. తాగేవాడా, గొడవ పడ్డాడా, అప్పు ఎవరి దగ్గర అని అధికారి అడుగుతుంటే పిల్లలు తలుపు పక్కన నిలబడి వింటారు. నాయన చావు నిజమైనదా కాదా అని ప్రభుత్వం అడగడం పన్నెండేళ్ల పిల్లోడు మర్చిపోయే విషయం కాదు. ఆ కమిటీలో బిడ్డల కోసం ఒక మనిషిని పెట్టడానికి పెద్ద ఖర్చేం కాదు. పెద్ద కొడుకు నాయన పోయిన రోజు నుంచి ఇంటికి మగదిక్కు, బడి మానేయడం అక్కడే మొదలవుతుంది.

వరదల సంగతి క్లుప్తంగా చెప్పినా చెప్పాలి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు పట్టణాన్ని ముంచాయి. 2021 నవంబరు 19న, కార్తీక పౌర్ణమి వేళ, అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి వచ్చిన నీళ్లు చెయ్యేరు ఒడ్డున పులపుత్తూరు, మందపల్లి ఊళ్లను ఊడ్చేశాయి. ఇళ్లు, పశువులు, ఇసుక మేటల లెక్క వేశారు. చెరువు నిండితే సంబరపడవలసిన ఊళ్లలో వాన చప్పుడుకు వణికే పిల్లలు మిగిలారు.

ఎవరు కోలుకున్నారు?

హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది బిడ్డలను ఎమ్మీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు వెంట ఉండి చూసింది. పేదరికం, తాగుడు, గొడవలు ఉన్న ఇళ్ల పిల్లల్లో మూడోవంతు ఏ ఇబ్బందీ లేకుండా పెరిగారు. వాళ్లందరికీ ఇంట్లోనో, బయటో ఒక నమ్మకమైన పెద్దమనిషి దొరికారు. అమ్మమ్మ, టీచరు, పక్కింటావిడ. ఇంతకంటే ముఖ్యమైనది, తక్కువ మంది గుర్తుంచుకున్నది ఇంకొకటుంది. పదిహేడేళ్లకు చెడిపోయారనుకున్నవాళ్లలో చాలామంది ముప్పై దాటేసరికి నిలదొక్కుకున్నారు. మళ్లీ చదువు, మంచి తోడు, కొత్త ఉద్యోగం, ఇలా రెండో అవకాశం దొరికినవాళ్లు. దెబ్బ తలరాత కాదని చెప్పడానికి ఇంత మంచి ఆధారం వేరే లేదు.

సీమలో ఆ నమ్మకమైన మనిషి ఎక్కడ దొరికాడు? డాక్టరు దగ్గర కాదనేది స్పష్టం. విచిత్రమేమిటంటే దేశంలో జిల్లా స్థాయి మానసిక వైద్యం పుట్టింది ఈ గడప దగ్గరే. 1980లలో నిమ్హాన్స్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టర్లకే మానసిక వైద్యం నేర్పి బళ్లారి జిల్లాలో ప్రయోగం చేసింది. 1996లో మొదలైన జాతీయ పథకానికి అదే నమూనా. ఆలూరు, ఆదోని తాలూకాలు 1953 దాకా ఆ బళ్లారి జిల్లాలోవే. సరిహద్దు గీత కొంచెం అటు ఉంటే మన పిల్లలు ముందే డాక్టరును చూసేవాళ్లేమో! అయితే ఆ నమూనా కూడా పెద్దవాళ్ల తీవ్రమైన జబ్బులకే, బెదిరిన బిడ్డకు కాదు. 2022లో వచ్చిన టెలిమానస్, 14416 నంబరు, ఫోనున్న వాళ్లకు తెలుగులో మాట్లాడే గొంతును ఇచ్చింది. పిల్లలకు 1098 ఉంది. ఫోను పెద్దవాళ్ల చేతిలో ఉండే ఇంట్లో ఏ పిల్ల చేస్తుందన్నది వేరే మాట.

ఆ మనిషి ఆడవాళ్ల గుంపుల్లో దొరికింది అని నా లెక్క. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం కడప, కర్నూలు పల్లెల్లోకీ పాకింది. అక్షరాస్యత తరగతుల్లో చదివిన ఒక పాఠం ఆ నిప్పును రాజేసింది. దాన్ని మద్యం ఉద్యమంగానే రాస్తాం. రాత్రి దెబ్బలు చూసే బిడ్డ వైపు నుంచి రాస్తే, ఇంటి లోపలి హింసను ఊరి నడిబొడ్డుకు తెచ్చిన మొదటి ఉద్యమం అది. నెత్తుటి బాకీ కాకుండా ఒక దుకాణం మూయించడం దాని కోరిక. ఆ తేడా చిన్నది కాదు.

దాని వెంటే పొదుపు సంఘాలు వచ్చాయి. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో 1995లో ఐక్యరాజ్య సమితి సాయంతో మొదలైన పేదరిక నిర్మూలన కార్యక్రమంలోంచి మండల పొదుపు లక్ష్మి ఐక్య సంఘం ఎదిగింది. విజయభారతి నాయకత్వంలో ఆ ఆడవాళ్లు అప్పులతో ఆగలేదు. బాల్య వివాహాలు ఆపారు, పనిలో ఉన్న పిల్లలను బడికి తెచ్చారు, తమ సొంత బడి బాలభారతిని కట్టుకున్నారు. రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా, ఎం.వి. ఫౌండేషన్ బ్రిడ్జి క్యాంపులతో చూపించిందే ఇక్కడ పొదుపు చాప మీద జరిగింది. ఇక్కడ సాకినవాళ్లు అడిగింది బాకీ తీర్చమని కాదు. నువ్వు చదువు, మీ అమ్మ వాయిదా కట్టుకుంటుంది అన్నారు.

కస్తూర్బా బాలికా విద్యాలయాలు ఇంకొక చోటు. పెళ్లి పీటల నుంచి పారిపోయొచ్చిన పిల్లలకు, సుగ్గి ఇళ్ల పిల్లలకు అవి తిండి, పడక, నలుగురు తోటి పిల్లలు. పదో తరగతి దాటాక ఇంటర్ కూడా అక్కడే చదవగలగడం పెళ్లిని ఇంకో రెండేళ్లు వెనక్కి నెట్టింది. మిషన్ వాత్సల్య కింద దిక్కులేని, తండ్రి లేని పిల్లలను ఇంటి దగ్గరే ఉంచి నెలకు నాలుగు వేలు ఇచ్చే స్పాన్సర్‌షిప్ ఉంది. ముఠా హింసలో తండ్రి పోయిన బిడ్డకైనా, జైలుకు పోయిన తండ్రి బిడ్డకైనా ఆ నాలుగు వేలు మొదటి నెలలోనే చేతికందితే నాయకుడి బియ్యం బస్తా అవసరం కొంచెమైనా తగ్గుతుంది. సంక్షేమ శాఖ ముఠాతో పోటీ పడాల్సింది సరిగ్గా ఆ మొదటి నెలలో.

మగపిల్లలకు ఇలాంటి చోటు తక్కువ. వాళ్ల కోసం ఆలోచించినవాళ్లూ తక్కువ. కడప జిల్లా రచయిత సన్నపురెడ్డి వెంకట్రామిరెడ్డి కొండపొలం నవలలో నగరంలో బెదిరి, ధైర్యం పోగొట్టుకున్న కుర్రాడు గొర్రెల కాపరులతో నల్లమల ఎక్కి తనను తాను కూడగట్టుకుంటాడు. పెద్దవాళ్లు వాడికి ఉపదేశం చేయరు, పని చెబుతారు, పక్కన ఉంటారు. సీమ పల్లెల్లో మగపిల్లల మనసు కుదుటపడే దారి చాలాసార్లు ఇలాగే ఉంటుంది. చదువులో వెనకబడినవాడికి క్రికెట్టు కోచో, మెకానిక్ షెడ్డు యజమానో, పీర్ల పండుగలో పీరు ఎత్తించిన మామో ఆ పెద్దమనిషి అవుతాడు. ఇలాంటివాళ్లను పథకాల్లో ఇరికించలేం. కానీ ఊళ్లో ఐటీఐ, ఆటస్థలం, గ్రంథాలయం ఉంటే ఇలాంటివాళ్లు దొరికే అవకాశం పెరుగుతుంది. అవి లేని ఊళ్లో కుర్రాళ్లు చేరేది నాయకుడి అరుగు మీదికే.

సీజనల్ హాస్టళ్ల విషయం మళ్లీ ఎత్తాలి, ఎందుకంటే వెంటనే చేయగలిగినది అక్కడే ఉంది. వాటిని దసరా ముందే తెరిచి, నడిపే బాధ్యత ఊరి మహిళా సంఘానికి అప్పగించవచ్చు. ఈ సంఘాల్లో ఇప్పుడు ముప్పై ఐదు, నలభై ఏళ్ల ఆడవాళ్లున్నారు. వాళ్లలో చాలామంది చిన్నప్పుడు సుగ్గికి పోయినవాళ్లే, కొందరు క్రాసింగ్ చేలల్లో నిలబడ్డవాళ్లు. వెర్నర్ చెప్పిన రెండో అవకాశం వయసు దాటిపోలేదు వాళ్లకు. రాత్రి పన్నెండుకు అమ్మ కావాలని ఏడ్చే ఎనిమిదేళ్ల పిల్లను ఊరుకోబెట్టడానికి చదువు అర్హత కంటే ఆ అనుభవం ఎక్కువ పనికొస్తుంది. ఆ పనికి గౌరవ వేతనం అని పేరు పెట్టకుండా మామూలు జీతం ఇవ్వాలి, ఏడాదికి పన్నెండు నెలలూ ఇవ్వాలి. సుగ్గి లేని నెలల్లో వాళ్లకు ఊళ్లో చేయడానికి కావలసినంత పని ఉంటుంది: ఆత్మహత్య జరిగిన ఇల్లు, కువైట్ నుంచి ఫోను రాని ఇల్లు, కోర్టు వాయిదాల ఇల్లు.